ఒక గొర్రు, ఊరంతా వంతు: ఈ ఖరీఫ్ డైరీ

ఏప్రిల్ చివర

అనంతపురం జిల్లాలో పామిడికీ గార్లదిన్నెకూ మధ్య హైవే దిగి లోపలికి పోతే మా ఊరు. ట్రాక్టర్లకు కొదవ లేదు. కల్టివేటరు, రోటవేటరు ఎవరినడిగినా దొరుకుతాయి. చెనక్కాయ (వేరుశనగ) విత్తనం వేసే గొర్లు మాత్రం రెండే. ఒకటి గింజను చేత్తో చల్లినట్టే వేస్తుంది. రెండోది మంచిదే గానీ, సొంతదారు చేలన్నీ అయిపోయాకే వాళ్ల వాకిలి దాటుతుంది. అప్పటికి మిగతావాళ్ల చేలల్లో పదును, అంటే విత్తడానికి సరిపడే తడి, పోయి ఉంటుంది.

నాకు వెల్డింగ్ షెడ్డుంది, ఐదెకరాల చేనుంది, ట్రాక్టరు లేదు. గుత్తి దిక్కు ఒకాయన తొమ్మిది సాళ్ల ట్రాక్టర్ గొర్రు అమ్ముతున్నాడని తెలిసి పోయి చూశాను. ఏటవాలు ప్లేట్ల రకం. సాలుకొక డబ్బా, డబ్బాలో చుట్టూ గుంతలున్న ప్లేటు. ప్లేటు తిరుగుతూ గుంతకో గింజ ఎత్తి గొట్టంలో వేస్తుంది. నేల మీద దొర్లే చక్రమే చైనుతో ఆ ప్లేట్లను తిప్పుతుంది కాబట్టి ట్రాక్టరు నెమ్మదిగా పోయినా వేగంగా పోయినా గింజకూ గింజకూ ఎడం మారకూడదు. మారుతుంది, అది తర్వాత రాస్తాను. ఫ్రేము గట్టిగా ఉంది, తుప్పు పైపైనే. బేరం కుదిరింది.

నా ఐదెకరాలు ఒక్క పగలు పని. ఏడాదిలో ఆ ఒక్క రోజు తప్ప గొర్రు షెడ్డులోనే ఉంటుంది. అందుకే ట్రాక్టరు మీది, గొర్రు నాది అని ఊళ్లోవాళ్లకు అద్దెకివ్వాలని ఆలోచన. పనిలో పనిగా రెండు బ్యాటరీ స్ప్రేయర్లు, పెట్రోలుతో నడిచే తైవాన్ స్ప్రేయరు ఒకటి, నాలుగు పెద్ద టార్పాలిన్ పట్టలు కూడా ఇద్దామనుకున్నాను. మా ఇంటామె విని, "ఊళ్లో సగంమంది మనకు సుట్టాలే. అద్దె ఎవరి దగ్గర అడుగుతావు?" అంది. ఆ ప్రశ్నకు ఇప్పటికీ పూర్తి జవాబు లేదు.

రోహిణి కార్తె

మే 25 దాటింది. ఎండకు షెడ్డు రేకులు పెనంలా కాలుతున్నాయి కాబట్టి పొద్దున్నే, మళ్లీ సాయంత్రం పని.

మొదట పిన్నులు. గొర్రును ట్రాక్టరుకు మూడు చోట్ల తగిలిస్తాం: కింద రెండు చేతులు, పైన టాప్ లింక్. ఊళ్లో ఉన్న ట్రాక్టర్లన్నిటికీ ఒకే సైజు రంధ్రాలు ఉండవు. చిన్నవాటికి కేటగిరీ-1, అంటే కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, పైది 19. పెద్దవాటికి కేటగిరీ-2, కింద 28, పైన 25. సన్న పిన్నును పెద్ద రంధ్రంలో వేసి నడిపేస్తుంటారు. బండి నడుస్తుంది, కానీ గొర్రు అటూ ఇటూ ఊగి సాళ్లు వంకర పోతాయి. ఆ వంకర నెల తర్వాత సాళ్ల మధ్య కలుపు తీసే గుంటక తోలేటప్పుడు బయటపడుతుంది, సాలు వంగినచోటల్లా మొక్కలు తెగుతాయి. పామిడిలో లేత్ పట్టించి రెండు సైజుల పిన్నులు, పైన తొడిగే బుష్షులు చేయించాను. ఇవన్నీ ఒక ఇనుప పెట్టెలో పెట్టి గొర్రుతో పాటే ఇస్తాను.

తర్వాత గింజ లెక్క. గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది కదా, ట్రాక్టర్ నగర్ అంటారు. అక్కడ శిక్షణకు పోయినప్పుడు నేర్చుకున్న పద్ధతి ఇది. సాలుకూ సాలుకూ అడుగు. తొమ్మిది సాళ్లంటే గొర్రు ఒక్కసారి పోతే తొమ్మిదడుగుల వెడల్పు విత్తినట్టు. ఎకరా 43,560 చదరపు అడుగులు. తొమ్మిదితో భాగిస్తే 4,840 అడుగుల నడక. మా గొర్రు చక్రం చుట్టుకొలత తాడుతో కొలిస్తే ఐదడుగులు వచ్చింది. అంటే చక్రం 968 చుట్లు తిరిగితే ఒక ఎకరా.

గింజకూ గింజకూ నాలుగంగుళాల ఎడం పెట్టుకుంటే ఎకరాకు లక్షా 30 వేల గింజలు పడాలి. నూరు గింజలు 40 గ్రాములు తూగే విత్తనమైతే 52 కిలోలు. గొర్రును జాకీ మీద లేపి, డబ్బాల్లో గింజ పోసి, గొట్టాల కింద ఒక్కో సంచి కట్టి, చక్రాన్ని చేత్తో 97 చుట్లు తిప్పితే పదోవంతు ఎకరా అయినట్టు. ఒక్కో సంచిలో సుమారు 580 గ్రాములు ఉండాలి.

తిప్పి తూకం వేస్తే ఏడు సంచులు కాస్త అటూఇటూగా సరిపోయాయి. ఒకటి 700 దాటింది, ఇంకొకటి 400 కూడా లేదు. ఎక్కువ వచ్చిన డబ్బా తెరిచి చూస్తే గుంతల మీద నిలిచిన అదనపు గింజను తోసేసే బ్రష్షు వెంట్రుకలు అరిగి మొండిగా ఉంది. రెండు గింజలు జంటగా దిగిపోతున్నాయి. తక్కువ వచ్చినదానిలో ప్లేటు అంచు విరిగి మూడు గుంతలు పనికి రావట్లేదు. బ్రష్షు, ప్లేటు రెండూ మార్చాక మళ్లీ తూకం. ఈసారి అన్నీ ఒక దారికొచ్చాయి.

ఎకరాలు లెక్కపెట్టే కౌంటరు

అద్దె ఎట్లా కట్టాలనేది చాలా ఆలోచించాను. రోజుకింత అంటే రెండెకరాలవాడు కూడా డబ్బులిచ్చాను కదా అని సాయంత్రం దాకా గొర్రు వదలడు. గంటకింత అంటే డ్రైవరు ట్రాక్టరును పరుగెత్తిస్తాడు, గింజ తప్పిపోతుంది. ఎకరాకు 200 అనుకున్నాను. అయితే ఎవరి చేను ఎంతో వాళ్ల మాటకూ నా అంచనాకూ ఎప్పుడూ అరెకరా తేడా ఉంటుంది. పాసుపుస్తకంలో నాలుగెకరాలుంటే అందులో గుట్ట, వంక, బాట పోగా సాగయ్యేది మూడే ఉండొచ్చు.

చక్రం చుట్లు లెక్కపెడితే ఈ గొడవే ఉండదు. మొదట చవక క్యాలిక్యులేటరుతో చేశాను. ఒకటి కూడిక ఒకటి కొట్టి, ఆ తర్వాత సమానం బటన్ నొక్కిన ప్రతిసారీ దానంతటదే ఒకటి పెంచుకుంటూ పోతుంది. ఆ బటన్ కింది రెండు కొసలకు సన్న వైర్లు సోల్డర్ చేసి, తలుపుల అలారానికి వాడే అయస్కాంతం స్విచ్చుకు కలిపాను. అయస్కాంతాన్ని చక్రం పుల్లకు బిగించాను. చుట్టుకో అంకె. షెడ్డు చుట్టూ తిప్పి చూస్తే లెక్క కచ్చితంగా వచ్చింది, పిల్లలు గుమిగూడి చూశారు. కాకపోతే ఆ క్యాలిక్యులేటరు కొద్దిసేపు ఊరికే ఉంటే దానంతటదే ఆరిపోయే రకం. డ్రైవరు గట్టు మీద టీ తాగి వచ్చేసరికి సున్నా.

అందుకని కరెంటు అక్కర్లేని ఐదంకెల లివర్ కౌంటరు తెచ్చాను. లివర్ ఒకసారి లాగితే ఒక అంకె తిరుగుతుంది, ఎవరూ ముట్టకపోతే ఏళ్ల తరబడి అట్లే ఉంటుంది. చక్రం ఇరుసుకు చిన్న ముక్కు వెల్డ్ చేసి, అది చుట్టుకోసారి లివర్‌ను తట్టేట్టు ఇనుప పట్టీ వంచి బిగించాను. దుమ్ము పోకుండా పైన పాత ట్యూబు ముక్క. సాలు చివర గొర్రు లేపి తిప్పుకునేటప్పుడు చక్రం గాల్లో ఉంటుంది కాబట్టి ఆ మలుపులు లెక్కలోకి రావు. మెత్తటి దుక్కిలో చక్రం అక్కడక్కడా తిరక్కుండా జారుతుంది. జారినంత అద్దెలో రైతుకే లాభం, నాకు అభ్యంతరం లేదు.

మృగశిర

జూన్ 8 వచ్చింది, పోయింది. మబ్బులు వస్తాయి, గాలి లేస్తుంది, మబ్బులు పోతాయి. మా ఉమ్మడి జిల్లాలో ఏడాది మొత్తానికి పడే సగటు వానే 550 మిల్లీమీటర్ల చిల్లర. అందులో విత్తనానికి పనికొచ్చేవి రెండు మూడు వానలే.

వాన లేకున్నా జనం మాత్రం వస్తూనే ఉన్నారు, పేరు రాసుకోమని. నోటు పుస్తకంలో వచ్చిన వరసన పేరు, ఎకరాలు, ఏ దిక్కు చేను, ఏ ట్రాక్టరు అని రాసుకున్నాను. అడ్వాన్సు అడగలేదు. ఊళ్లో అడ్వాన్సు అడిగితే నీకు నా మీద నమ్మకం లేదా అనే మాట వస్తుంది. బదులుగా గొర్రు తీసుకుపోయేటప్పుడు, తెచ్చేటప్పుడు నాలుగు పక్కలా ఫోన్‌లో ఫోటో తీస్తాను. దీనికి ఎవరూ ఏమీ అనుకోరు. ఈ రోజుల్లో ఫోటో తీయకపోతేనే అనుకుంటారు.

అరుగుదల నాది, దెబ్బ మీది అని మొదటే చెప్పాను. చైను తెగినా బేరింగు పోయినా నా ఖర్చు. రాయికి తగిలి కర్రు వంగితే నా షెడ్డులోనే కాల్చి సరిచేస్తాను, కూలి తీసుకోను, రాడ్ల ఖర్చు వాళ్లది. ఇంకో షరతు: డబ్బాలు పూర్తిగా ఖాళీ చేసి ఊడ్చి తేవాలి. విత్తన శుద్ధి చేసిన గింజ అడుగున మిగిలిపోతే షెడ్డు ముందర కోళ్లు తింటాయి. మందు పట్టించిన గింజ అది.

పాత కాలం మడక, గొర్రు ఎవరడిగినా లేదనేవాళ్లు కాదని మా చిన్నాయన అన్నాడు. నిజమే. ఆ రోజుల్లో కొయ్య గొర్రు ఊళ్లోనే వడ్రంగి చేసేవాడు, ఎద్దులు ఎవరివి వాళ్లవి, చేసినదానికి ముయ్యి, అంటే బదులు పని, తీర్చుకోవడానికి మళ్లీ వాళ్లే వచ్చి పనిచేసేవాళ్లు. చైన్లకూ బేరింగులకూ ముయ్యి చెల్లదు.

ఆరుద్ర

వాన పడింది. సగం ఊరికి.

వంక అవతల తూర్పు చేలల్లో రాత్రంతా కురిసింది. వంక ఇవతల, పడమటి పక్క, దుమ్ము కూడా అణగలేదు. మా దిక్కు ఇది కొత్తేం కాదు, ఒక గట్టుకు అటు తడి ఇటు పొడి ఉండటం అందరూ చూసిందే. పుస్తకంలో పేర్లు మాత్రం వచ్చిన వరసలో ఉన్నాయి, మొదటి పేరు మా మామది, ఆయన చేను పడమట.

తెల్లారకముందే మామ ట్రాక్టరు తెచ్చి గొర్రు తగిలించుకుని వాళ్ల వాకిట్లో పెట్టుకున్నాడు. నేను పోయేసరికి నులకమంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"మామా, గొర్రు అవతలికి పోవాల. ఆడ పదును ఉండాది."

"ముందు నా పేరు రాసుకున్నావా లేదా?"

"రాసుకున్నా. మీ చేలో వాన పడలేదు కదా."

"పడకపోతే రేపు పడతాది, ఎల్లుండి పడతాది. అంతవరకు ఈడే ఉంటాది. వాన పడేది నా చేతిలో ఉందా?"

అవతల చేలవాళ్లు కూడా వచ్చారు. రాళ్లూ ఇసుకా కలిసిన గరప నేల, నిన్న రాత్రి తడి, పైన జూన్ ఎండ, గాలి. మూడు రోజులు దాటితే ఆ చేలు మళ్లీ గట్టిపడతాయి. మాటామాటా పెరిగింది. కూలికి ట్రాక్టరు నడిపే కుర్రోడొకడు "గొర్రు వాకిట్లో ఉంటే కాయలు కాస్తాయా మామా" అన్నాడు, దాంతో ఇంకా ముదిరింది. చివరికి టీ కొట్టు దగ్గర తేలింది. పెద్ద పంచాయితీ ఏం లేదు, అక్కడ కూర్చున్నవాళ్లంతా ఒకే మాట అన్నారు: వంతు చేనికి, అదీ చేను తడిసిన రోజు నుంచి. మామ చేను ఏ రోజు తడిస్తే ఆ రోజు తడిసిన చేలన్నిటిలో ఆయనదే ముందు. ఆ చివరి మాట చెప్పాకే మామ పిన్ను పీకాడు.

ఆ సాయంత్రం పేర్ల వరస కొట్టేసి పుస్తకం మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పేజీకో దిక్కు: తూర్పు వంక, గుడి బాట, చెరువు కింద, పడమటి గుట్ట. ప్రతి చేనుకు ఎదురుగా నేల రకం.

నేల రకం

ఈ డైరీ చదివి ఎవరైనా ఒక గొర్రో, ఒక మిషనో పదిమందికి ఇద్దామనుకుంటే ఈ భాగం చదివితే చాలు. మిగతావి ఎవరికి వాళ్లు చూసుకుంటారు.

అందరికీ ఒకేసారి కావాలి కాబట్టి ఒక గొర్రు ఊరికి చాలదని నేనూ అనుకున్నాను. నిజానికి ఒకే వాన పడినా అన్ని చేలూ ఒకే రోజు విత్తనానికి రావు. గరప నేల, అంటే రాళ్లూ ఇసుకా కలిసిన పలచటి ఎర్ర నేల, వాన వెలిసిన మర్నాడే ట్రాక్టరును రానిస్తుంది, అంతే తొందరగా ఆరిపోతుంది. లోతైన ఎర్ర మట్టి ఒక రోజు ఆగి వస్తుంది, ఇంకో రెండు రోజులు నిలుస్తుంది. నల్లరేగడిలోకి వెంటనే దిగితే చక్రాలకు, కర్రులకు మట్టి అంటుకుని గొట్టాలు మూసుకుపోతాయి. మూడు నాలుగు రోజులు ఆగాలి, కానీ ఆ తర్వాత కూడా తడి లోపల చాలా రోజులు ఉంటుంది. మా ఊళ్లో మూడూ ఉన్నాయి. ముందు గరప, తర్వాత ఎర్ర మట్టి, చివర్న కంది వేసే రేగడి చేలు అని పెట్టుకుంటే అదే గొర్రు అదే వానకు రెండింతలమందికి అందుతుంది. ఎవరికీ ఆలస్యం కాదు. రేగడి చేనాయన మొదటి రోజు గొర్రు తీసుకున్నా చేసేదేం లేదు.

చేను వచ్చిందా లేదా అన్నది ఎవరి మాటా వినకుండా చేత్తో చూస్తాను. నాలుగంగుళాల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో నొక్కాలి. ముద్ద కట్టకపోతే పదును పోయింది. ముద్ద కట్టి, నడుమెత్తు నుంచి జారవిడిస్తే పొడిపొడిగా పగిలితే విత్తొచ్చు. పడి అట్లే అప్పచ్చిలా అతుక్కుంటే రేపు చూద్దాం. దీన్ని టీ కొట్టు దగ్గరే అందరి ముందూ చేస్తాను. మట్టి వాళ్ల చేనుదే, పిడికిలి వాళ్లదే, నాతో వాదన ఉండదు.

రోజూ రాత్రి మర్నాటి వరస వాట్సాప్‌లో పెడతాను, టీ కొట్టు గోడ మీద సుద్దతో కూడా రాస్తాను. ఫోన్ లేనివాళ్లు తక్కువే గానీ, గోడ మీద రాసినదాన్ని నలుగురూ చూస్తారు, చాటుగా మార్చమని ఎవరూ అడగరు.

పునర్వసు

జూలై 6 తర్వాత పడిన వాన ఊరంతా పడింది. అసలు పని ఇప్పుడు. పగలూ రాత్రీ ట్రాక్టరు లైట్ల వెలుగులో గొర్రు నడిచింది.

మొదటి పూటే వేగం గొడవ. డ్రైవర్లకు ఎకరాకింత కూలి. ఎంత తొందరగా ముగిస్తే అంత మిగులు. ట్రాక్టరు వేగం పెంచితే ప్లేటు కూడా అంతే వేగంగా తిరుగుతుంది, గింజ గుంతలో కుదురుకునేలోపే గుంత దాటిపోతుంది. పైన చూస్తే సాళ్లు అద్దంలా ఉంటాయి, లోపల గింజ ఉండదు. మొలక వచ్చాక గానీ తెలియదు, తెలిశాక చేసేదేం లేదు. ఆ మొదటి చేలో గొర్రు వెనకే నడిచి, గజం పొడవున సాలును వేళ్లతో తవ్వాను. మూడడుగుల్లో తొమ్మిది గింజలు ఉండాలి. ఐదు దొరికాయి. డ్రైవరును దింపి ఆయన చేతే తవ్వించాను. ఇంకోచోట తవ్వాడు, ఆరు. ఏమీ అనకుండా పోయి గేరు మార్చుకున్నాడు. మళ్లీ తవ్వితే ఎనిమిది, తొమ్మిది. అప్పటినుంచి ప్రతి చేలో మొదటి సాలు పోయాక చేను యజమాని గజం తవ్వి లెక్కపెట్టాకే రెండో సాలు అని షరతు పెట్టాను. నేను లేకున్నా ఇది జరుగుతోంది, ఎందుకంటే గింజ ఖరీదు పెట్టింది వాళ్లు.

చిన్న చేలది వేరే కథ. ఎకరం, ఎకరన్నర ఉన్నవాళ్ల దగ్గరికి ట్రాక్టరువాళ్లు రారు. తిప్పుకోవడానికే టైము పోతుంది, డీజిల్ దండగ అంటారు. గుడి బాట పక్క మాకు పెద్దమ్మ వరసయ్యే ఒకామెకు ఎకరన్నర ఉంది. చుట్టూ నాలుగు వైపులా విత్తనం పడింది, మధ్యలో ఆమెది ఖాళీ. "అందరిదీ అయినాక మాదే కదబ్బీ, మాకెప్పుడూ అదే వరస" అంది, అదీ కోపంగా కాదు, అలవాటైన మాటలా. గొర్రు నాది, అద్దె షరతు నా ఇష్టం అనుకున్నాను. మర్నాటి నుంచి గొర్రు తీసుకునే ట్రాక్టరు, తాను విత్తే చేనికి ఆనుకుని ఉన్న చిన్న చేను ఏదైనా పుస్తకంలో ఉంటే దాన్ని కూడా అదే రేటుకు విత్తాలి. ఇద్దరు సణిగారు. ఒకాయన గొర్రే వద్దని పోయి సాయంత్రానికి తిరిగొచ్చాడు. పెద్దమ్మ చేను గంటన్నరలో అయిపోయింది.

ఒక రాత్రి చెరువు కింద చైను లంకె తెగింది. పెట్టెలో అదనపు లంకెలు, ప్లయరు, రెండు షియర్ బోల్టులు పెట్టి ఉంచాను కాబట్టి ఫోన్‌లో చెబుతుంటే వాళ్లే వేసుకున్నారు. అద్దెకిచ్చే ఏ మిషను వెంటైనా దాని చిల్లర సామాను పెట్టె పోవాలి. లేకపోతే రాత్రి రెండింటికి మనం పోవాలి.

ఆశ్లేష, స్ప్రేయర్లు

గొర్రు షెడ్డు చేరింది. ఇక పురుగు మందులు, కలుపు మందుల కాలం. స్ప్రేయర్లకు వంతుల గొడవ లేదు, వీటి తలనొప్పి వేరు.

బ్యాటరీ స్ప్రేయరు ఒకటి తిరిగొచ్చినప్పుడు మూత తీస్తే ఏదో ఘాటు. ఏం కొట్టారని అడిగితే "జొన్నకు కలుపు మందు" అన్నాడు. పేరు చూపిస్తే టూ-ఫోర్-డి. జొన్నను ఏమీ చేయదు, వెడల్పాకు మొక్కలను చంపుతుంది. చెనక్కాయ, కంది, పత్తి అన్నీ వెడల్పాకే. నీళ్లతో కడిగి ఇచ్చేస్తే తర్వాత తీసుకున్నవాడి చేను ముడుచుకుపోతుంది, మందు మంచిది కాదని దుకాణాయన మీద పడతాడు. మూడు సార్లు కడిగి, చాకలి సోడా నీళ్లు ఒక రాత్రి ఉంచి, మళ్లీ కడిగి, చివరి నీళ్లను పెరట్లో చిక్కుడు తీగ మీద కొట్టి చూశాను. రెండు రోజులకు లేత ఆకులు మెలిక తిరిగాయి. అంత కడిగినా గొట్టంలో, వాషర్లలో దాగి ఉంది.

ఆ స్ప్రేయరుకు ఎర్ర రంగు వేసి, ఇది కలుపు మందుకు మాత్రమే అని పెద్దగా రాశాను. పురుగు మందులకు ఇచ్చేది నీలం, దాన్ని కలుపు మందుకు ఎంత దగ్గరివాళ్లు అడిగినా ఇవ్వను. నాజిళ్లు కూడా వేరు చేశాను: ఎర్రదానికి పలచగా విసనకర్రలా కొట్టేది, నీలందానికి గుండ్రంగా తుంపర వేసేది. నాజిల్ మూసుకుపోతే జనం చేతికి దొరికిన పిన్నీసుతో పొడుస్తారు. ఇత్తడి రంధ్రం సాగిపోయి ధార పడుతుంది. పాత టూత్ బ్రష్షులు రెండు స్ప్రేయరు బెల్టుకే కట్టి ఇస్తున్నాను.

బ్యాటరీ ఖాళీగా తెచ్చి పడేస్తే తొందరగా పాడవుతుంది, ఛార్జి పెట్టి తెచ్చినవాళ్లకు అద్దెలో పది రూపాయలు తగ్గింపు. ఇది బాగా పనిచేసింది, ఎందుకో పది రూపాయలకు జరిగినంత మర్యాద మాటకు జరగదు. తైవాన్ స్ప్రేయరు టూ-స్ట్రోక్ రకం. పెట్రోలులో ఆయిలు నేనే కలిపి సీసాతో ఇస్తాను. వాళ్లను కలుపుకోమంటే ఉత్త పెట్రోలు పోసి పిస్టన్ పట్టేయించే అవకాశం ఎక్కువ.

చిత్త, స్వాతి

అక్టోబరు. చెనక్కాయ పీకి కట్టె, అంటే కాయలతో ఉన్న మొక్కలు, ఆరబెట్టారు. మబ్బు కమ్మిన ఒక మధ్యాహ్నం గంట లోపల నా ఫోన్‌కు ఊళ్లో ఉన్న ఫోన్లన్నీ కలిసి మోగినట్టు మోగింది. అందరికీ పట్టలే కావాలి. పట్టలు నాలుగు. తడిసిన కట్టె బూజు పడుతుంది, కాయ నల్లబడుతుంది, పశువులు పొట్టు తినవు. ఇక్కడ నేల రకం, వరస, పుస్తకం ఏదీ పనిచేయదు, వాన అందరి వామి మీదా ఒకే గంటలో పడుతుంది. ఎవరికి ఇచ్చినా మిగతావాళ్లకు పగ. పట్టలు అద్దెకివ్వడం ఆ రోజుతో ఆపేశాను. అందరికీ ఒకే గంటలో కావలసిన వస్తువు ఎవరి దగ్గర వాళ్లు కొనుక్కోవాల్సిందే. నా నాలుగూ నా వామి మీదే కప్పాను, తప్పనిపించలేదు.

రేగడి చేలల్లో పప్పుశనగకు గొర్రు మళ్లీ బయటికి వచ్చింది. ప్లేట్లు మార్చి శనగ గింజకు సరిపోయే చిన్న గుంతలవి వేశాను. ఇక్కడ ఎక్కువమంది వేసేది జేజీ-11 రకమే. మళ్లీ జాకీ మీద లేపి తూకం. గింజ మారిన ప్రతిసారీ ఇది తప్పదు. నల్లమట్టిలో గొట్టం మూతి మూసుకుంటే పైనున్న డ్రైవరుకు తెలియదు, అందుకని గొర్రు వెనక ఒక మనిషి నడవాలని షరతు. ఇది తెలిసినవాళ్ల ఊరే కాబట్టి దీనికి ఎవరూ ఎదురు చెప్పలేదు.

లెక్క

వచ్చిన అద్దెలో మూడో వంతు చైన్లు, బేరింగులు, ప్లేట్లు, బ్రష్షులకు పోయింది. మిగిలింది గొర్రు కొన్న ధరలో కొంత. ఇట్లే ఇంకో రెండు ఖరీఫ్‌లు నడిస్తే ధర తీరుతుంది, వానలు పడితే. కాయలు అమ్మాక ఇస్తామన్నవాళ్లలో ఎక్కువమంది ఇచ్చారు. ఇవ్వని ముగ్గురూ దగ్గరి చుట్టాలే, మా ఇంటామె ఈ విషయం గుర్తు చేయకుండా వదలదు. వాళ్ల పేర్లు పుస్తకంలో పెన్సిలుతో రాసి ఉంచాను.

ఇంకో గొర్రు కొనమని అడుగుతున్నారు. కొనను. అద్దెకిచ్చేది ఒక్కటే ఉండబట్టే అందరూ వరసకు ఒప్పుకున్నారు. కాయలు రాల్చే మిషను గురించి మాత్రం ఆలోచిస్తున్నాం, అది ఒక్కడి వల్ల అయ్యే ఖరీదు కాదు. 2022లో ప్రభుత్వం రైతు సంఘాలకు యంత్రసేవ పథకం కింద యంత్రాలిచ్చినప్పుడు 40 శాతం సబ్సిడీ, 50 శాతం బ్యాంకు అప్పు, 10 శాతం రైతుల వాటా అని పెట్టారు. అట్లాంటి లెక్కలో సంఘం కట్టి తెద్దామని నలుగురం మాట్లాడుకున్నాం. డబ్బు పోగవుతుంది. మిషను ఎవరి కళ్లానికి ముందు పోవాలో చెప్పే పుస్తకం ఎవరి దగ్గర ఉండాలనే దాని మీద మాట ఆగింది. నలుగురిలో ఇద్దరికి రాల్చే పనులు ఒకే వారంలో పడతాయి. కాయ పచ్చిగా ఉందా ఎండిందా అని చూసి వరస పెట్టొచ్చని నేనన్నాను. చెవి దగ్గర కాయ ఊపితే గింజ గలగలమంటే ఎండినట్టు. ఒప్పుకున్నట్టే కనిపించారు, ఇంకోసారి కూర్చోవాలి.

గొర్రును కడిగి, ప్లేట్లకు నూనె పట్టించి, కర్రులకు గ్రీజు పూశాను. ప్లాస్టిక్ గొట్టాలను ఎలుకలు కొరుకుతాయి, విప్పి గోనెసంచిలో కట్టి పైన రేకుల కింద వేలాడదీశాను. చక్రం బుష్షు అరిగి కాస్త ఊగుతోంది. కొలత రాసి పామిడి లేత్ ఆయనకు ఇచ్చి వచ్చాను, ఉగాది లోపల కావాలని చెప్పాను.